డీఎన్‌ఏను కోసే ఎంజైములు: వేయడం కన్నా ఆపడమే అసలు పని

ఆర్‌ఎన్‌ఏ తీశారు, దాని నుంచి సీడీఎన్‌ఏ (ఆర్‌ఎన్‌ఏకు డీఎన్‌ఏ కాపీ) చేశారు, ఎంత ఉందో కొలవడానికి క్యూపీసీఆర్ పెట్టారు. ఆ కాపీ చేసే ఎంజైము, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్, వేయని కంట్రోల్ ట్యూబులోనూ 26వ సైకిల్‌కే సిగ్నల్ లేచింది. అంటే శాంపిల్‌లో జీనోమిక్ డీఎన్‌ఏ మిగిలే ఉంది. పక్క బెంచీ మీద ఇంకొకరు ప్లాస్మిడ్‌ను (బ్యాక్టీరియాలో ఉండే చిన్న గుండ్రటి డీఎన్‌ఏ) కోయడానికి పెట్టారు. గంట తర్వాత జెల్ చూస్తే కోసిన దానికీ కోయని దానికీ తేడా లేదు. ఈ రెండు తిప్పలకూ మూలం ఒకే ఎంజైముల కుటుంబం: డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏలను కోసే న్యూక్లియేజ్‌లు. ఒకటి డీఎన్‌ఏను పిండి చేస్తుంది, ఇంకొకటి చెప్పిన చోట మాత్రమే కోస్తుంది.

ఈ ఎంజైములను ట్యూబులో వేయడం ఒక్క పూటలో వచ్చేస్తుంది. దేనితో ఆపాలి, ఎప్పుడు ఆపాలి, ఆపడానికి వేసినది తర్వాతి మెట్టును చెడగొట్టకుండా ఎలా చూసుకోవాలి అన్నది మాత్రం లెక్క వేసి నేర్చుకోవలసిన పని. ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు దానికే.

ఏది ఎక్కడ కొరుకుతుంది

పూసల దండను మధ్యలో తెంపేవి ఎండోన్యూక్లియేజ్‌లు, కొస నుంచి ఒక్కో పూస రాల్చేవి ఎక్సోన్యూక్లియేజ్‌లు. ఎండోలలో మళ్ళీ రెండు రకాలు. వరుస చూడకుండా దొరికిన చోటల్లా తెంపేది డీఎన్‌ఏజ్ వన్. ఫలానా వరుస కనిపిస్తేనే తెంపేవి రెస్ట్రిక్షన్ ఎంజైములు. ఎకో ఆర్ వన్ జీ-ఏ-ఏ-టీ-టీ-సీ వరుసను, హిండ్ త్రీ ఏ-ఏ-జీ-సీ-టీ-టీ వరుసను వెతుకుతాయి.

డీఎన్‌ఏజ్ వన్ మొదట ఆవు క్లోమం నుంచి వచ్చింది. బరువు సుమారు 31 కిలోడాల్టన్లు. 1948లో మోజెస్ కూనిట్జ్ దీన్ని స్ఫటికాలుగా తీశాడు. అంతకు రెండేళ్ళ ముందే, 1946లో, మాక్లిన్ మెకార్టీ, ఆస్వాల్డ్ ఏవరీ శుద్ధి చేసిన డీఎన్‌ఏజ్‌ను వాడి, న్యుమోకాకస్ బ్యాక్టీరియా గుణాన్ని మార్చే పదార్థం డీఎన్‌ఏనే అని గట్టిపరిచారు. ఎంజైము వేస్తే ఆ శక్తి పోయింది. ఇవాళ మనం పెట్టుకునే డీఎన్‌ఏజ్ కంట్రోల్‌కు పునాది అక్కడే పడింది.

దీనికి మెగ్నీషియం, కాల్షియం రెండూ కావాలి. మెగ్నీషియం కోతకు సాయపడుతుంది, కాల్షియం ఎంజైము ఆకారాన్ని నిలబెడుతుంది. మెగ్నీషియం ఉన్నప్పుడు రెండు పోగులను విడివిడిగా, వేర్వేరు చోట్ల గాటు పెడుతుంది. దాని బదులు మాంగనీస్ వేస్తే రెండు పోగులనూ దాదాపు ఒకే చోట తెంపుతుంది. ఇది పుస్తకంలో చదివి వదిలేసే విషయం కాదు. డీఎన్‌ఏను ముక్కలు చేసి లైబ్రరీ కట్టాలనుకునేవాళ్ళు మాంగనీస్ బఫర్ వాడేది ఇందుకే.

డీఎన్‌ఏజ్ టూ వేరే జాతి. ఆమ్లంలో, పీహెచ్ 5 దగ్గర పని చేస్తుంది, లోహ అయాన్లు అక్కర్లేదు. కనుక లోహ అయాన్లను పట్టేసే ఈడీటీఏ వేసి దాన్ని ఆపలేరు.

కొనే ముందు చూడవలసింది

క్లోమంలో ఆర్‌ఎన్‌ఏను కోసే ఆర్‌ఎన్‌ఏజ్ మెండు. అక్కడి నుంచి తీసిన చౌక రకం డీఎన్‌ఏజ్ పొడిలో ఆర్‌ఎన్‌ఏజ్ తప్పకుండా అంటుకుని ఉంటుందని అనుకోండి. ప్రొటీన్ లైసేట్ (కణాలను పగలగొట్టగా వచ్చిన ద్రవం) జిగటను తగ్గించడానికి ఆ పొడి చాలు. ఆర్‌ఎన్‌ఏ దగ్గరికి మాత్రం దాన్ని రానివ్వకండి. ఆర్‌ఎన్‌ఏజ్ లేనిదని సీసా మీద స్పష్టంగా రాసి ఉన్నదే వాడాలి. రెండు రకాలూ ల్యాబ్‌లో ఉంటే వేర్వేరు ఫ్రీజర్ అరల్లో పెట్టి, మూతల మీద రెండు రంగుల గుర్తులు వేయండి.

యూనిట్ల దగ్గరా జాగ్రత్త పడాలి. కూనిట్జ్ యూనిట్ అంటే 25 డిగ్రీల దగ్గర, పీహెచ్ 5లో, 260 నానోమీటర్ల అబ్జార్బెన్స్‌ను నిమిషానికి ఒక మిల్లీలీటర్‌లో 0.001 పెంచే మోతాదు. ద్రవంగా అమ్మే ఎంజైముల మీద ఉండే యూనిట్ తరచుగా ఇంకొకటి: 37 డిగ్రీల దగ్గర 10 నిమిషాల్లో 1 మైక్రోగ్రాము ప్లాస్మిడ్‌ను పూర్తిగా నాశనం చేసే మోతాదు. పాత ప్రోటోకాల్‌లోని అంకెను కొత్త సీసాకు నేరుగా తగిలించవద్దు.

పొడిని కరిగించడానికి: 10 మిల్లీమోలార్ ట్రిస్ పీహెచ్ 7.5, 10 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్, 10 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్, 50 శాతం గ్లిసరాల్. వోర్టెక్స్ చేయకండి. డీఎన్‌ఏజ్ వన్ గిలకొట్టుడుకు తట్టుకోదు, నురగ లేచిందంటే శక్తి పోయినట్టే. ట్యూబును తలకిందులుగా మెల్లగా తిప్పి కరిగించి, 50 మైక్రోలీటర్ల చొప్పున పంచి మైనస్ 20లో పెట్టండి.

ఆర్‌ఎన్‌ఏలోంచి డీఎన్‌ఏను తీసేయడం

ఆర్‌ఎన్‌ఏను శుద్ధి చేసే కాలమ్ మీదే డీఎన్‌ఏజ్ వేసి 15 నిమిషాలు ఉంచడం సులువు. ఎంజైమూ అయాన్లూ కడుగుళ్ళలో పోతాయి. కానీ కాలమ్ పొరకు పట్టుకున్న డీఎన్‌ఏ అంతటినీ ఎంజైము చేరుకోలేదు. ఇంట్రాన్ (ఆర్‌ఎన్‌ఏ తయారీలో కత్తిరించి పడేసే మధ్య భాగం) లేని జీన్‌ను కొలిచేటప్పుడు, తక్కువ స్థాయి ట్రాన్స్‌క్రిప్ట్‌లను వెతికేటప్పుడు ద్రవంలో చేసే పద్ధతి మేలు. ఎక్సాన్ల (ఆర్‌ఎన్‌ఏలో మిగిలే భాగాల) సరిహద్దు మీద ప్రైమర్లు (పీసీఆర్‌ను మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) పెట్టాం కాబట్టి భయం లేదనుకోవడం కూడా సరికాదు. గాప్‌డీహెచ్, బీటా యాక్టిన్ లాంటి హౌస్‌కీపింగ్ జీన్లకు ఇంట్రాన్లు లేని సూడోజీన్ (పని చేయని నకలు) కాపీలు జీనోమ్‌లో చాలా ఉన్నాయి. ఆ ప్రైమర్లు వాటినీ పట్టుకుంటాయి.

10 మైక్రోలీటర్ల రియాక్షన్‌కు:

1. ఐస్ మీద ఆర్‌ఎన్‌ఏజ్ లేని ట్యూబులో 1 మైక్రోగ్రాము ఆర్‌ఎన్‌ఏ తీసుకోండి. అంతకు మించి వేయాలంటే ఎంజైము ఒక్కటే పెంచితే చాలదు, రియాక్షన్ మొత్తాన్ని పెంచండి.
2. పది రెట్ల బఫర్ 1 మైక్రోలీటర్ వేయండి. ఈ బఫర్‌లో 100 మిల్లీమోలార్ ట్రిస్ పీహెచ్ 7.6, 25 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్, 5 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్ ఉంటాయి.
3. మైక్రోలీటర్‌కు 1 యూనిట్ ఉన్న డీఎన్‌ఏజ్ 1 మైక్రోలీటర్ వేసి, మిగతాది న్యూక్లియేజ్ లేని నీళ్ళతో నింపండి. పిపెట్‌తో మూడు నాలుగుసార్లు మెల్లగా పైకీ కిందకీ తీసి కలపండి.
4. 37 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు. ఇంకో గంట వదిలేస్తే ఇంకా శుభ్రం అవుతుందనుకోకండి, ఆ గంటలో నష్టపోయేది ఆర్‌ఎన్‌ఏ.
5. 50 మిల్లీమోలార్ ఈడీటీఏ 1 మైక్రోలీటర్ వేసి కలపండి. ఆ తర్వాతే 65 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు వేడి చేయండి.

ఐదో మెట్టులో వరుస తప్పితే పనంతా పోతుంది. మెగ్నీషియం ఉండగా ఆర్‌ఎన్‌ఏను వేడి చేస్తే అది తనంతట తానే విరిగిపోతుంది, ఏ ఎంజైమూ అక్కర్లేదు. ముందు ఈడీటీఏ, తర్వాత వేడి. డీఎన్‌ఏజ్ వేసిన తర్వాత ఆర్‌ఎన్‌ఏ పాడైందని చెప్పే చాలా సందర్భాల్లో ఎంజైము తప్పేమీ ఉండదు, ఈ వరుస తారుమారై ఉంటుంది.

కొన్ని ప్రోటోకాల్‌లలో ఈ రియాక్షన్‌ను 15 నిమిషాలు గది ఉష్ణోగ్రతలో పెట్టమని ఉంటుంది. ఆ గది 20 నుంచి 25 డిగ్రీల గది. మే నెలలో విజయవాడలోనో వరంగల్‌లోనో ఏసీ ఆగిన ల్యాబ్‌లో బెంచీ మీద పెడితే అది 37 డిగ్రీల రియాక్షనే. హీట్ బ్లాక్‌ను 25కు పెట్టినా చల్లబరిచే వసతి లేనిదైతే గది వేడి కన్నా కిందకు దిగదు. పీసీఆర్ మెషీన్‌లో 25 డిగ్రీలు పెట్టుకుని అందులోనే నడపండి.

ఇప్పుడు ఈడీటీఏ లెక్క. 10 మైక్రోలీటర్లలో మెగ్నీషియం 2.5, కాల్షియం 0.5, కలిపి 3 మిల్లీమోలార్. అంటే 30 నానోమోల్స్. మనం వేసిన ఈడీటీఏ 50 నానోమోల్స్. పట్టుకోవలసిన వాటిని పట్టుకున్నాక 20 నానోమోల్స్ ఈడీటీఏ ఖాళీగా మిగులుతుంది. ఈ 11 మైక్రోలీటర్లనూ మొత్తంగా 20 మైక్రోలీటర్ల సీడీఎన్‌ఏ రియాక్షన్‌లో పోశారనుకోండి. ఆ బఫర్‌లో మెగ్నీషియం 3 మిల్లీమోలార్ ఉంటే మొత్తం 60 నానోమోల్స్. డీఎన్‌ఏ కట్టడానికి ఇటుకల్లాంటి నాలుగు డీఎన్‌టీపీలు ఒక్కోటి 0.5 మిల్లీమోలార్ ఉంటే వాటికి 40 పోతుంది. మిగిలిన 20ని ఈడీటీఏ మింగేస్తుంది. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌కు ఏమీ మిగలదు. అన్ని జీన్లూ ఒకేసారి నాలుగైదు సైకిల్స్ ఆలస్యంగా వస్తున్నాయంటే ముందు ఈ లెక్క వేయండి.

దారులు రెండు. 11లోంచి 5 మైక్రోలీటర్లు మాత్రమే సీడీఎన్‌ఏలోకి తీసుకోండి, సుమారు 450 నానోగ్రాముల ఆర్‌ఎన్‌ఏ వెళ్తుంది, ఎక్కువ పనులకు అది సరిపోతుంది. లేదా ఈడీటీఏ గాఢతను 35 మిల్లీమోలార్‌కు తగ్గించండి, 5 నానోమోల్స్ మాత్రమే మిగులుతుంది. మీ సీసా బఫర్‌లో మెగ్నీషియం ఎంతో కాగితం చూసి ఈ లెక్కను మళ్ళీ వేసుకోండి, కంపెనీకొక తీరు ఉంటుంది.

పని అయిందో లేదో చెప్పేది రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ వేయని కంట్రోలే. ప్రతి శాంపిల్‌కూ అది పెట్టాలి; ఒక్క శాంపిల్‌కు పెట్టి మిగతావన్నీ అలాగే ఉంటాయనుకోవద్దు. కంట్రోల్‌కూ అసలు శాంపిల్‌కూ 7 సైకిల్స్ తేడా ఉంటే డీఎన్‌ఏ వాటా 128లో ఒక వంతు, అంటే ఒక శాతం లోపే. 10 ఉంటే వెయ్యిలో ఒక వంతు. 5 మాత్రమే ఉంటే 3 శాతం. రెండు రెట్ల మార్పును కొలిచేవాళ్ళు దాంతో సర్దుకోవచ్చు, 20 శాతం మార్పును నమ్మకంగా చెప్పాలనుకునేవాళ్ళు సర్దుకోకూడదు. నీళ్ళు మాత్రమే వేసిన ట్యూబులో కూడా అదే సైకిల్‌కు సిగ్నల్ వస్తే తప్పు డీఎన్‌ఏజ్‌ది కాదు: ప్రైమర్లు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి, లేదా రియేజెంట్లలోకి పాత పీసీఆర్ ముక్కలు చేరాయి.

డీఎన్‌ఏజ్ సరిగా కోయకపోతే నానోడ్రాప్‌లో 260/230 నిష్పత్తి చూడండి. బాగా తక్కువగా ఉంటే ఎక్స్‌ట్రాక్షన్‌లో వాడిన గ్వానిడిన్ ఉప్పు మిగిలి ఉండవచ్చు. డీఎన్‌ఏజ్ వన్‌కు ఉప్పు గిట్టదు, 100 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్ దగ్గరే దాని వేగం బాగా పడిపోతుంది. ఎంజైము పెంచడం దండగ. ఆర్‌ఎన్‌ఏను మళ్ళీ ఇథనాల్‌తో దింపి, 70 శాతం ఇథనాల్‌తో కడిగి, తర్వాత డీఎన్‌ఏజ్ వేయండి.

రెస్ట్రిక్షన్ డైజెషన్

1970లో హామిల్టన్ స్మిత్ బృందం హిమోఫిలస్ బ్యాక్టీరియా నుంచి ఫలానా వరుసలోనే కోసే ఎంజైమును తీసింది. మరుసటి ఏడాది డేనియల్ నాథన్స్, కాథ్లీన్ డానా దానితో ఎస్‌వీ40 వైరస్ డీఎన్‌ఏను ముక్కలు చేసి జెల్ మీద విడదీశారు. వెర్నర్ ఆర్బర్‌తో కలిసి స్మిత్, నాథన్స్ 1978లో నోబెల్ అందుకున్నారు. ఈ పని కొత్తగా నేర్చుకునేవాళ్ళకు లాంబ్డా డీఎన్‌ఏ (ఈ.కోలై బ్యాక్టీరియాకు సోకే లాంబ్డా వైరస్‌ది), హిండ్ త్రీ జోడీ మంచి గురువు. ఏ ముక్కలు రావాలో ముందే తెలుసు కాబట్టి తప్పు ఎక్కడ జరిగిందో కంటికి కనిపిస్తుంది.

20 మైక్రోలీటర్లకు ఈ వరుసలోనే వేయండి: నీళ్ళు 15, పది రెట్ల బఫర్ 2, మైక్రోలీటర్‌కు 500 నానోగ్రాముల లాంబ్డా డీఎన్‌ఏ 2, మైక్రోలీటర్‌కు 10 యూనిట్ల హిండ్ త్రీ 1. ఎంజైము ఎప్పుడూ చివర్లోనే. బఫర్ లేని నీళ్ళలోకి దాన్ని వదిలితే దెబ్బతింటుంది. ఫ్రీజర్ నుంచి తీసిన ఎంజైమును ఐస్ మీదే ఉంచి, పని అవగానే వెనక్కి పెట్టండి.

ఎంజైము 50 శాతం గ్లిసరాల్‌లో ఉంటుంది. పిపెట్ చివర నుంచి దిగేటప్పుడు గమనిస్తే, ట్యూబు అడుక్కి నూనె తీగలా జారి అక్కడే కూర్చుంటుంది. డీఎన్‌ఏ పైన, ఎంజైము కింద. కలపకుండా 37లో పెట్టేస్తే సగమే కోస్తుంది. వేలితో ట్యూబు అడుగును మూడు నాలుగుసార్లు తట్టి, రెండు సెకన్లు స్పిన్ చేయండి. పిపెట్ మొనను ఎంజైములో బాగా ముంచి తీస్తే బయటి గోడకు ఇంకో అర మైక్రోలీటర్ అంటుకుని వస్తుంది, కాబట్టి ఉపరితలానికి తాకీ తాకనట్టు పట్టుకుని తీయండి.

37 డిగ్రీల దగ్గర గంట. యూనిట్ నిర్వచనమే 50 మైక్రోలీటర్లలో 1 మైక్రోగ్రాము లాంబ్డా డీఎన్‌ఏను గంటలో పూర్తిగా కోసే మోతాదు కాబట్టి, 10 యూనిట్లంటే పది రెట్లు వేసినట్టు. గట్టిగా మెలిపడిన (సూపర్‌కాయిల్డ్) ప్లాస్మిడ్ కోతకు మొండికేస్తుంది, దానికి ఈ మిగులు కావాలి. ఆపడానికి 80 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు.

జెల్ మీదకు వెళ్ళే ముందు, లాంబ్డాకు మాత్రమే, ఒక మెట్టు ఉంది. దాని రెండు కొసల్లో 12 బేస్‌ల ఒంటి పోగు తోకలుంటాయి. అవి ఒకదాన్ని ఒకటి పట్టుకుంటాయి. కోసిన తర్వాత 23,130 బేస్‌ల ముక్క, 4,361 బేస్‌ల ముక్క అలా అతుక్కుని పైన ఒకే బ్యాండుగా కనిపిస్తాయి. 4,361 బ్యాండు పలచగా ఉందని డైజెషన్ సరిగా కాలేదనుకుంటారు. లోడ్ చేసే ముందు 65 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు ఉంచి, వెంటనే ఐస్‌లో 3 నిమిషాలు పెట్టండి, అది విడిపోతుంది.

0.8 శాతం అగరోజ్ జెల్‌లో రావలసినవి: 23,130, 9,416, 6,557, 4,361, 2,322, 2,027, 564, 125. సగం రియాక్షన్, అంటే 500 నానోగ్రాములు లోడ్ చేస్తే పై ముక్కకు సుమారు 240 నానోగ్రాములు వస్తాయి, 564కు 6 కూడా రావు, 125కు ఒకటిన్నర లోపే. కాబట్టి 564 లేత నీడలా ఉండి, 125 అసలు కనిపించకపోతే కంగారు పడవద్దు. ముక్కలన్నీ సమాన సంఖ్యలో ఉన్నా మెరుపు పొడవును బట్టి ఉంటుంది. ఆ ఎనిమిదికి మించి కొత్త బ్యాండ్లు వచ్చినప్పుడు మాత్రం ఆగి ఆలోచించాలి.

*అదనపు బ్యాండ్లు రెండు కారణాలతో వస్తాయి.* ఒకటి అసంపూర్తి కోత: రెండు పక్కపక్క ముక్కల పొడవులు కూడితే ఆ బ్యాండు వస్తుంది, ఇంకో గంట పెడితే పోతుంది. రెండోది స్టార్ యాక్టివిటీ: ఎంజైము తన వరుసకు దగ్గరగా ఉన్న వేరే వరుసలను కూడా కోస్తుంది, సమయం పెంచితే ఇది పెరుగుతుంది. గ్లిసరాల్ 5 శాతం దాటడం, ఉప్పు తక్కువ కావడం, పీహెచ్ ఎక్కువ కావడం, మెగ్నీషియం బదులు మాంగనీస్ ఉండడం దీనికి దారి తీస్తాయి. అందుకే ఎంజైము పరిమాణం రియాక్షన్‌లో పదో వంతు దాటకూడదు. 20 మైక్రోలీటర్లకు 2 మైక్రోలీటర్లే హద్దు, రెండు ఎంజైములు వేసినా కలిపి అంతే. రాత్రంతా పెట్టేటప్పుడు మూత కింద ఆవిరి చేరి కింద గ్లిసరాల్ చిక్కబడుతుంది, వేడి మూత ఉన్న పీసీఆర్ మెషీన్‌లో పెడితే ఈ బెడద ఉండదు.

*అసలు కోయకపోతే* మూడు ట్యూబులు పెట్టండి: మీ డీఎన్‌ఏ, లాంబ్డా, రెండూ కలిపినది. లాంబ్డా ఒక్కటే ఉన్న దానిలోనూ కోత లేకపోతే ఎంజైమో బఫరో పాడైంది. లాంబ్డా ఒంటరిగా కోసుకుని, కలిపిన ట్యూబులో కోసుకోకపోతే మీ డీఎన్‌ఏలో అడ్డుపడేది ఏదో ఉంది. కలిపిన దానిలో లాంబ్డా బాగా కోసుకుని మీ డీఎన్‌ఏ మాత్రం కోసుకోకపోతే ఆ వరుస అక్కడ లేదు, లేదా దాని మీద మిథైల్ గుంపు ఉంది. పదిహేను నిమిషాల పని, వారం రోజుల ఊహాగానాలను ఆపుతుంది.

అడ్డుపడే వాటిలో తరచుగా దొరికేది మినీప్రెప్ (ప్లాస్మిడ్‌ను తీసే పద్ధతి) కాలమ్‌లో మిగిలిన ఇథనాల్. దాని గుర్తు: లోడ్ చేసేటప్పుడు శాంపిల్ వెల్‌లోకి దిగదు, పైకి తేలి బఫర్‌లో కలిసిపోతుంది. ఖాళీ కాలమ్‌ను ఇంకో 2 నిమిషాలు తిప్పి, మూత తీసి ఆరనిచ్చి, తర్వాత ఎల్యూట్ చేయాలి. డీఎన్‌ఏ టీఈ బఫర్‌లో ఉందని ఈడీటీఏ మీద నింద వేయడం మాత్రం చాలాసార్లు అన్యాయం. టీఈలో ఈడీటీఏ 1 మిల్లీమోలార్. రెస్ట్రిక్షన్ బఫర్‌లలో మెగ్నీషియం సాధారణంగా 10. రియాక్షన్‌లో మూడు వంతులు టీఈ అయినా మెగ్నీషియం మిగులుతుంది. 2.5 మిల్లీమోలార్ ఉన్న డీఎన్‌ఏజ్ వన్ బఫర్‌లో మాత్రం అదే టీఈ నిజంగా దెబ్బ కొడుతుంది.

మిథైలేషన్ సంగతి. డీహెచ్‌5 ఆల్ఫా లాంటి మామూలు ఈ.కోలై రకాల్లో డ్యామ్ ఎంజైము జీ-ఏ-టీ-సీ లోని ఏ మీద మిథైల్ పెడుతుంది. బీసీఎల్ వన్ అక్కడ కోయదు. ఎక్స్‌బీఏ వన్ వరుస టీ-సీ-టీ-ఏ-జీ-ఏ తర్వాత టీ-సీ వస్తే అదీ ఆగిపోతుంది. జేఎం110 లాంటి డ్యామ్ లేని రకంలోకి ప్లాస్మిడ్‌ను మార్చి, మళ్ళీ తీయండి.

పీసీఆర్ ముక్క కొసల్లో సైట్ ఉంటే ప్రైమర్‌లో ఆ వరుసకు ముందు కనీసం ఆరు బేస్‌లు అదనంగా పెట్టండి. ఎంజైముకు నిలబడి పట్టుకోవడానికి చోటు కావాలి. వెక్టర్‌లో (కొత్త ముక్కను మోసే ప్లాస్మిడ్‌లో) పక్కపక్కనే ఉన్న రెండు సైట్‌లను కలిపి కోసేటప్పుడూ ఇదే ఇబ్బంది: మొదటిది కోయగానే రెండోది కొసకు వచ్చేస్తుంది. కొస దగ్గర బలహీనమైన దాన్ని ముందు వేయాలి. ఒంటి కోత, జంట కోత జెల్ మీద ఒకేలా కనిపిస్తాయి కనుక, కొత్త ముక్క లేకుండా లైగేజ్ (డీఎన్‌ఏ కొసలను అతికించే ఎంజైము) మాత్రమే వేసిన ప్లేటు మీద కాలనీలు లెక్కపెట్టి, లైగేజ్ వేయని ప్లేటుతో పోల్చండి. లైగేజ్ లేని చోట వచ్చేవన్నీ దాదాపు కోయని ప్లాస్మిడ్‌వే, లైగేజ్ ఉన్న చోట అదనంగా వచ్చేవి ఎక్కువగా ఒంటి కోతవి.

వేడితో ఆగని వాటిని గుర్తు పెట్టుకోండి. ఎకో ఆర్ వన్ 65 డిగ్రీల దగ్గర 20 నిమిషాలకు ఆగుతుంది, హిండ్ త్రీకి 80 కావాలి, బామ్ హెచ్ వన్ ఆ వేడికీ లొంగదు. లైగేషన్‌కు వెళ్ళే ముందు బామ్ హెచ్ వన్‌ను కాలమ్‌తోనో ఫినాల్-క్లోరోఫామ్‌తోనో తీసేయాలి. లేకపోతే లైగేజ్ కట్టిన ముడిని అది మళ్ళీ విప్పుతుంది. స్మా వన్ ఇంకో తీరు: 25 డిగ్రీల దగ్గర పని చేస్తుంది, 37లో త్వరగా చచ్చిపోతుంది. పైన చెప్పిన మే నెల గది మాట ఇక్కడా వర్తిస్తుంది.

పూర్తి కోత ఎంత ముఖ్యమో హైదరాబాద్‌కు బాగా తెలుసు. అక్కడి కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతిని కట్టింది రెస్ట్రిక్షన్ ముక్కల మీదే. రక్తంలోని డీఎన్‌ఏను కోసి, జెల్ మీద పరిచి, పొరకు ఎక్కించి, పట్టెల కట్లపాము డీఎన్‌ఏ నుంచి వచ్చిన ప్రోబ్‌తో వెతికేవారు. ఆ పాము జాతి శాస్త్రీయ నామం బుంగారస్‌లో ఉన్నది మన బంగారమే. ఆ పద్ధతిలో సగం కోసిన శాంపిల్, నిజానికి ఉండకూడని బ్యాండును చూపిస్తుంది. ఒక తండ్రి, ఒక నిందితుడు ఎవరో తేల్చే చోట అది చిన్న తప్పు కాదు.

రోజువారీ పనుల్లో మిగతావి

*మ్యుటాజెనెసిస్ తర్వాత డీపీఎన్ వన్.* ఇది మిథైల్ ఉన్న జీ-ఏ-టీ-సీని మాత్రమే కోస్తుంది. ఈ.కోలై నుంచి వచ్చిన టెంప్లేట్ పోతుంది, పీసీఆర్‌లో పుట్టిన కొత్త డీఎన్‌ఏ మిగులుతుంది. 50 మైక్రోలీటర్ల పీసీఆర్‌కు 10 నుంచి 20 యూనిట్లు, 37లో గంట, 80లో 20 నిమిషాలు. టెంప్లేట్ జేఎం110లో పెంచినదైతే డీపీఎన్ వన్‌కు పట్టేందుకు ఏమీ ఉండదు, ప్లేటంతా పాత ప్లాస్మిడ్ కాలనీలే.

*సీక్వెన్సింగ్‌కు ముందు ఎక్సోన్యూక్లియేజ్ వన్.* ఒంటి పోగును 3 ప్రైమ్ కొస నుంచి తింటుంది, కాబట్టి మిగిలిన ప్రైమర్లు పోతాయి, జంట పోగు నిలుస్తుంది. దీనికి తోడుగా రొయ్య జాతి నుంచి వచ్చిన ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మిగిలిన డీఎన్‌టీపీలను పనికిరాకుండా చేస్తుంది. 5 మైక్రోలీటర్ల పీసీఆర్‌కు ఎక్సో 10 యూనిట్లు, ఫాస్ఫటేజ్ 1 యూనిట్. 37లో 15 నిమిషాలు, 80లో 15 నిమిషాలు. పీసీఆర్‌లో రెండు బ్యాండ్లు ఉంటే ఇది ఏమీ చేయలేదు, జెల్ కోసి తీయాల్సిందే.

*జిగట లైసేట్.* ఈ.కోలైని పగలగొట్టగానే పిపెట్ చివర నుంచి ముక్కు చీమిడిలా తీగ సాగుతుంటే అది జీనోమిక్ డీఎన్‌ఏ. మిల్లీలీటర్‌కు 10 మైక్రోగ్రాముల డీఎన్‌ఏజ్ వన్, 5 నుంచి 10 మిల్లీమోలార్ మెగ్నీషియం వేసి, ఐస్ మీద 15 నిమిషాలు. పిపెట్ నుంచి చుక్కలు విడివిడిగా రాలితే సరిపోయినట్టు. ఇక్కడ రెండు పొరపాట్లు మళ్ళీ మళ్ళీ జరుగుతాయి: ప్రొటీయేజ్ ఇన్‌హిబిటర్ బిళ్ళ ఈడీటీఏ ఉన్న రకం కావడం, లైసిస్ బఫర్‌లో సోడియం క్లోరైడ్ 300 నుంచి 500 మిల్లీమోలార్ ఉండడం. ఉప్పును తర్వాత కలపండి, లేదా సెరేషియా మార్సెసెన్స్ నుంచి వచ్చిన, బెంజోనేజ్ పేరుతో అమ్మే న్యూక్లియేజ్ వాడండి. అది డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ రెండింటినీ నరుకుతుంది, 2 మిల్లీమోలార్ మెగ్నీషియంతో సరిపెట్టుకుంటుంది. ఎక్కువ ఉప్పు మాత్రం దానికీ గిట్టదు. జంతు కణాల లైసేట్‌లో డీఎన్‌ఏజ్ వన్ బలహీనంగా కనిపించడానికి ఇంకో కారణం యాక్టిన్. విడి యాక్టిన్ దీన్ని గట్టిగా పట్టుకుని ఆపేస్తుందని 1974లోనే తేలింది.

*కణాలు గడ్డ కట్టడం.* కణజాలాన్ని విడదీసేటప్పుడు చచ్చిన కణాల డీఎన్‌ఏ బతికిన వాటిని జిగురులా కలిపేస్తుంది. మిల్లీలీటర్‌కు 100 మైక్రోగ్రాముల డీఎన్‌ఏజ్ వన్, కాల్షియం, మెగ్నీషియం ఉన్న బఫర్, 25 డిగ్రీలలో 15 నిమిషాలు. ట్రిప్సిన్-ఈడీటీఏ ఉన్న ట్యూబులో నేరుగా వేస్తే పని చేయదు, ముందు కణాలను కడగాలి.

*క్రొమాటిన్‌కు మైక్రోకాకల్ న్యూక్లియేజ్.* క్రొమాటిన్ అంటే హిస్టోన్ ప్రొటీన్ల చుట్టూ చుట్టుకున్న డీఎన్‌ఏ, ఒక్కో చుట్ట ఒక న్యూక్లియోజోమ్. ఈ ఎంజైము స్టెఫిలోకాకస్ నుంచి వచ్చింది, కాల్షియం లేనిదే కదలదు. న్యూక్లియోజోమ్‌ల మధ్య ఉన్న లంకెను తినేసి, హిస్టోన్ చుట్టుకున్న 147 బేస్ జతల ముక్కలను మిగులుస్తుంది. దీనికి ఒకే మోతాదు అంటూ ఉండదు. ఎంజైమును నాలుగైదు పలుచనలుగా పెట్టి, 5 నిమిషాలు నడిపి, కాల్షియాన్ని పట్టేసే ఈజీటీఏతో ఆపి, జెల్ మీద నిచ్చెన మెట్లు ఏ మోతాదులో సరిగా వచ్చాయో చూసుకోవాలి. మెట్లన్నీ పోయి 147 కన్నా కిందకు జారిందంటే న్యూక్లియోజోమ్ లోపలికీ కొరికిందన్నమాట.

పిలవని డీఎన్‌ఏజ్

ప్లాస్మిడ్ వారంలో పొగలా మారిపోతే మీ నీళ్ళలోనో బఫర్‌లోనో డీఎన్‌ఏజ్ చేరింది. 500 నానోగ్రాముల ప్లాస్మిడ్‌ను ఆ నీళ్ళలో, రెస్ట్రిక్షన్ బఫర్ కలిపి, ఎంజైము లేకుండా 37లో రాత్రంతా పెట్టండి. పక్కనే అదే మిశ్రమం మైనస్ 20లో. బఫర్ కలపకపోతే మెగ్నీషియం లేక డీఎన్‌ఏజ్ దాక్కుంటుంది, పరీక్ష అబద్ధం చెబుతుంది. జెల్ మీద సూపర్‌కాయిల్డ్ బ్యాండు తగ్గి నిక్ అయిన వృత్తం పెరిగినా కాలుష్యం ఉన్నట్టే, పూర్తి పొగ దాకా ఆగక్కర్లేదు. 121 డిగ్రీల ఆటోక్లేవ్ 20 నిమిషాలు నడిస్తే డీఎన్‌ఏజ్ పోతుంది; ఆర్‌ఎన్‌ఏజ్ విషయంలో అంత నమ్మకం పెట్టుకోవద్దు. మినీప్రెప్‌లో వాడే ఆర్‌ఎన్‌ఏజ్ ఏ పొడిని ల్యాబ్‌లో కరిగించుకుంటే, అందులోని డీఎన్‌ఏజ్‌ను చంపడానికి పీహెచ్ 5.2 సోడియం అసిటేట్‌లో 100 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు మరిగించి, గదిలో మెల్లగా చల్లారనిచ్చి, ట్రిస్‌తో పీహెచ్ సరిచేసి, చిన్న చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 20లో పెట్టండి.